డోర్నకల్‌కు అర టికెట్

మా బాపు పేరు మంగ్యా. కేసముద్రం మార్కెట్ యార్డులో ముప్పై ఏండ్లు బస్తాలు మోశాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కానీ యాదగిరి సేటు దుకాణం ముందు చాయ్ గ్లాసు చేతికి వస్తే మాత్రం ఒక్క ప్రయాణం గురించి చెప్పేవాడు. కేసముద్రం నుంచి డోర్నకల్‌కు రెండు రూపాయల టికెట్. రూపాయికి నాలుగు మిర్చీ బజ్జీలు. పావలాకు నారింజ రంగు ఐస్‌ఫ్రూట్. క్రిస్మస్‌కు అక్కడి పెద్ద చర్చిని ముస్తాబు చేస్తే చూడటానికి అందరూ పోయేవాళ్లట. మా తండా నుంచి బాపు, యాడి, రుక్కి పోయారు. యాడి అంటే మా భాషలో అమ్మ. రుక్కి అంటే నేను. బడిలో సారు పూజ అని రాశాడు గానీ, ఇంట్లోనూ తండాలోనూ నేను రుక్కినే.

"పది రూపాయల నోటు పట్టుకపోయి ముగ్గురం రాజుల లెక్క తిరిగినం," అనేవాడు బాపు. "ఇయ్యాల గా పైసలకు చాయ్ సుత వస్తలేదు."

వినేవాళ్లు తలూపేవాళ్లు. ఒకరి తర్వాత ఒకరు తమ చిన్నప్పటి ధరలు తీసేవాళ్లు. సేటు జనగామలో నేల టికెట్ సినిమా చూసిన రోజులు చెప్పేవాడు. ఇంకెవరో భూపాలపల్లి దాకా లారీ మీద ఉత్తగానే పోయి వచ్చామనేవాడు. ఆ ముచ్చట్లలో బాపు కథ ఎక్కడ ఆగిందో ఎవరూ గమనించలేదు. అది ఐస్‌ఫ్రూట్ దగ్గరే ఆగిపోయేది. డోర్నకల్ నుంచి తిరిగి రావడం ఆ కథలో ఉండేది కాదు.

నేనూ గమనించలేదు. ఆ ప్రయాణం నాకు బాగా గుర్తుందనుకునేదాన్ని. కిటికీ ఇనుప కడ్డీకి గడ్డం ఆనించడం, ఐస్‌ఫ్రూట్ కరిగి మోచేతి దాకా కారడం, ఆ చల్లదనానికి పళ్లు జివ్వుమనడం. హన్మకొండ హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదివిన మూడేళ్లలో ఇల్లు గుర్తొచ్చినప్పుడల్లా ముందు నాకు తగిలేది ఆ చల్లదనమే.

నిరుడు బాపు కుడి కన్ను పూర్తిగా పోయింది. ఈ ఏడు ఎడమ కంటికి పొర కమ్మింది. మహబూబాబాద్‌లో కంటి క్యాంపు పెట్టినప్పుడు తీసుకుపోతే, ఖమ్మం దవాఖానలో ఆపరేషన్ చేయించాలని, ఆలస్యం చేస్తే ఇదీ దక్కదని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. డిసెంబర్‌లో ఒక మంగళవారం తేదీ వేసింది. బాపుకు బస్సు పడదు. ఒకసారి ప్రయత్నిస్తే మహబూబాబాద్ దాటకముందే వాంతులతో కూలబడ్డాడు. మిగిలింది రైలు. రైలెక్కను అన్నాడు.

ఎందుకో చెప్పడు. రోజూ రైలు ముచ్చట చెప్పే మనిషి, ఆ ఒక్క ప్రయాణం తప్ప మళ్లీ రైలెక్కడం నేను చూడలేదు. అది కూడా నాకు అప్పుడే తట్టింది.

నాకు ఈ మధ్యే మహబూబాబాద్‌లో ఒక ఆఫీసులో కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటర్‌గా పని దొరికింది. మొదటి జీతం చేతిలో ఉంది. ఒక ఉపాయం చేశాను. నలుగురిలో అడిగితే కాదనలేడని, చాయ్ వేళకు సేటు దుకాణం దగ్గరికి పోయాను. పోతూ పోతూ డోర్నకల్‌లో దిగుదామని, చర్చి చూసి, మిర్చీలు తిని, ఐస్‌ఫ్రూట్ కొనుక్కొని, తర్వాతి బండికి ఖమ్మం పోదామని అన్నాను. నాటి ఐస్‌ఫ్రూట్ రుచి నాకింకా గుర్తుందని కూడా చెప్పాను.

యాదగిరి సేటు నవ్వాడు. "నువ్వు పుట్టినంక పావలాకు ఐస్‌ఫ్రూట్ ఎవడిచ్చిండు బిడ్డా? రెండు రూపాయల టికెట్ సుత నీ కంటె ముందుదే. ఏం మంగ్యా, బిడ్డె పుట్టకముందుకే తిప్పుకొచ్చినవా?"

అందరూ నవ్వారు. బాపు సగం చాయ్ ఉన్న గ్లాసు అరుగు మీద పెట్టి లేచి వెళ్లిపోయాడు. చాయ్ వదిలేసి పోవడం ఆయనకు లేదు.

ఇంటికొచ్చి నా పదో తరగతి మెమో తీసి చూశాను. పుట్టింది తొంభై ఎనిమిదిలో. నాకు తెలియని తేదీ కాదు. దరఖాస్తుల్లో వందసార్లు రాసుంటాను. బాపు చెప్పే ధరల పక్కన పెట్టి ఎన్నడూ చూసుకోలేదు.

యాడి వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆమె పేరు బుచ్చి అయినా తండాలో రుక్కి తల్లి అనే పిలుస్తారు. బాపు డోర్నకల్‌కు ఏ సంవత్సరం పోయాడని అడిగాను. ఆమె చెయ్యి ఆగలేదు.

"ఆ రుక్కివి నువ్వు కాదు బిడ్డా," అంది.

ఇంట్లో మేం మాట్లాడేది మా భాషే. ఆమె చెప్పింది ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. నాకంటే ముందు ఒక పిల్ల ఉండేది. ఆ క్రిస్మస్ నాటికి ఆరేండ్లు. ఈడుకు తగ్గ ఎత్తు లేదు, సన్నగా ఉండేది. ఐదేండ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు కాబట్టి బాపు రెండే టికెట్లు తీశాడు. తండాలో అందరూ చేసే పనే. బండి కదిలాక పిల్లకు ఒక సంగతి నేర్పాడు. టికెట్లు చూసే నల్లకోటు సారు కనబడితే మా దగ్గర ఉండొద్దు, దూరం పోయి ఆడవాళ్ల నడుమ కూసో, ఆయన పోయినంక నేనొచ్చి పిలుస్తా, అప్పటిదాకా లేవద్దు. పోయేటప్పుడు అట్లనే చేసింది. చీరల మధ్య ముడుచుకొని కూర్చున్న పిల్లను చూసి బాపు కడుపు పట్టుకొని నవ్వాడట. మిగిలిన అర టికెట్ రూపాయిలోంచి పావలా పెట్టి ఐస్‌ఫ్రూట్ కొనిచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు, పొద్దు వాలకముందే, డోర్నకల్‌లో రెండు బండ్లు ఒకే ప్లాట్‌ఫారానికి చెరో పక్క ఆగి ఉన్నాయి. మా వాళ్లు తమ బండిలో కూర్చున్నారు. ఒక నల్లకోటు ఎక్కాడు. పిల్లకు సైగ చేద్దామని బాపు చూసేసరికి ఆమె అప్పటికే లేదు. ఎవరూ చెప్పకుండానే దిగి, ఎదుటి బండిలో ఆడవాళ్ల నడుమ పోయి కూర్చుందని ప్లాట్‌ఫారం మీదివాళ్లు తర్వాత చెప్పారు. ఆ బండి కొత్తగూడెం వైపు పోయింది. బాపు తమ బండి అంతా వెతికేసరికి అది కనుచూపు దాటింది.

"చెప్పిన మాట విన్నది," అంది యాడి. "గంతే."

నాలుగు నెలలు కారేపల్లి, కొత్తగూడెం, ఆ దారిలోని స్టేషన్లన్నీ తిరిగారు. పోలీసులు ఫొటో అడిగితే ఫొటో లేదు. ఎడ్లను అమ్మారు. నాలుగేండ్లకు నేను పుట్టాను.

అదే పేరు నాకెందుకు పెట్టారని అడిగాను.

"మీ బాపు ఆ పేరు పిలువకుండ ఉండలేకపోయిండు," అంది. తర్వాత మిరపకాయల ఘాటుకు కండ్లు కడుక్కోవాలని లోపలికి పోయింది.

ఆ తర్వాత రెండు రోజులు ఎవరు రుక్కీ అని పిలిచినా నేను వెంటనే పలకలేకపోయాను. నేను వెనుదిరిగిన ప్రతిసారీ బాపు నా ముఖంలో ఎవరిని వెతుక్కున్నాడో అనిపించేది. ఆ చల్లదనం మాత్రం పోలేదు. నాది కాదని తెలిశాక కూడా మోచేతి మీద కారుతూనే ఉంది. పోనీ ధరల గురించి ఆయన గొప్పలు చెప్పుకున్నాడా అంటే, అదీ కాదు. పిల్ల ఎంతకు పోయిందో ఇన్నేండ్లుగా చెబుతూనే ఉన్నాడు. అదంతా పాత రోజుల మురిపెమనుకొని మేం తలూపాం.

సోమవారం పొద్దున బాపు మంచం దగ్గర కూర్చున్నాను. నాకు అన్నీ తెలుసని ఆయనకు తెలుసు.

"బండెక్కితె ఆమె కనవడ్తది బిడ్డా," అన్నాడు. "కన్ను పోతె ఇగ కనవడదనుకున్న."

"పోయిన కన్నులో కనబడుతలేదా?" అని అడిగాను.

"కండ్లతోని పని లేదామెకు," అన్నాడు.

"అట్లయితే ఉన్న కన్ను పోగొట్టుకొని లాభమేంది బాపు?"

మరునాడు నాకంటే ముందే తెల్ల తలపాగా చుట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు. టికెట్ నేనే తీస్తానన్నాడు. డోర్నకల్‌లో దిగేది లేదు, బండి సీదా ఖమ్మం పోవాలె అన్నాడు. సరే అన్నాను.

కేసముద్రం స్టేషన్‌లో కౌంటర్ లోపలికి డబ్బులు తోసి, "ఖమ్మంకు రెండు," అన్నాడు. ఆగి, "డోర్నకల్‌కు ఒక అర," అన్నాడు.

కౌంటర్‌లో అమ్మాయి మా వెనక్కి ఒకసారి చూసి టికెట్లు ఇచ్చింది.

బండిలో కిటికీ పక్క చోటు వదిలి బాపు కూర్చున్నాడు. ఆయన పక్కన నేను. మహబూబాబాద్‌లో జనం ఎక్కారు. గంప పట్టుకున్న ఒక ముసలమ్మ కిటికీ చోటు చూపిస్తూ ఎవరన్నా ఉన్నారా అని అడిగింది. బాపు ఉన్నరన్నాడు. ఆమె నా వంక చూసింది. నేను లేచి నా చోటు ఆమెకిచ్చి నిలబడ్డాను.

మహబూబాబాద్ దాటాక నల్లకోటు వచ్చాడు. పాసింజర్ బండిలో రోజూ రారు. ఆ రోజే రావాలా అనుకున్నాను. మా టికెట్లు చూసి, అర టికెట్ ఎవరిదని, పిల్ల ఏదని అడిగాడు. ఏదో ఒకటి చెప్పి సర్దుదామని నేను నోరు తెరిచేలోపే బాపు లేచి నిలబడ్డాడు. నడుము నిటారు చేసి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"రుక్కి సారు. మా పెద్దబిడ్డె," అన్నాడు. "జర చిన్నగ కనవడ్తది గని ఆరేండ్లు నిండినయి. అందుకే టికెట్ తీసిన."

నల్లకోటు ఖాళీ చోటు వైపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను అవును సార్ అన్నాను. ఆయన అర టికెట్ మీద పెన్నుతో గీత గీసి, బాపు చేతిలో పెట్టి, ముందుకు పోయాడు.

డోర్నకల్‌లో బండి ఆగింది. ప్లాట్‌ఫారం అవతలి పక్క ఇంకో బండి ఉంది. దాని కిటికీల్లో చీరల రంగులు కనబడుతున్నాయి. బాపు అటు తిరగలేదు. తల వంచుకొని, చేతిలోని టికెట్‌ను వేలితో రుద్దుతున్నాడు.

"రుక్కీ, చూడు బిడ్డా," అన్నాడు. "ఆమె దిగిందా?"

నేను వంగి ఆ ఖాళీ చోటు మీద, కిటికీ కడ్డీ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. డిసెంబర్ పొద్దున ఇనుము చల్లగా ఉండటంలో వింతేం లేదు. ఎదుటి బండి కూత వేసింది. డోర్నకల్‌లో ఆమెను దింపడం నా వల్ల కాలేదు.

"లేదు బాపు," అన్నాను. "ఇంకా ఈడనే ఉన్నది."

ఆయన తలెత్తాడు. అంగీ జేబు తడుముకొని పది రూపాయల నోటు తీశాడు. ముసలమ్మ గంప దాటి, చేతులతో సీట్లు పట్టుకుంటూ, మసక కంటితో నల్లకోటును వెతుక్కుంటూ తలుపు వైపు నడిచాడు.

"సారూ," అని పిలుస్తున్నాడు. "సారూ, జర ఆగుండ్రి. ఖమ్మం దాక ఇంకొక అర కావాలె."