లెన్సు తిప్పిన వైపు

ఆ తల్లి చీతాకు మూడు పిల్లలు. మూడు రోజులుగా వాటి కడుపులో ఏమీ పడలేదు. అది వేటకు వంగిన ప్రతిసారీ పర్యాటకుల బండ్లు పదిహేను చుట్టూ చేరి జింకలను బెదరగొట్టాయి. అందులో నాదీ ఒకటి. అందుకే ఆ ఉదయం చెదపుట్ట పక్కన, పొట్ట నేలకు ఆనించి అది కనబడగానే ఇంజన్ ఆపేశాను.

మారా అభయారణ్యంలో సఫారీ బండ్లు నడిపే మా డ్రైవర్లకు ఒక కట్టుబాటుంది. జంతువు కనిపించినవాడు వైర్‌లెస్‌లో అందరికీ చెప్పాలి. దాచినవాడికి మళ్లీ ఎవరూ చెప్పరు. ఇరవై రెండేళ్లుగా నేను తప్పలేదు. తప్పనందుకు ఎవడూ నాకు దండ వెయ్యలేదు.

ఏమైనా ఉందా అని తోటి డ్రైవరు ముటిసో వైర్‌లెస్‌లో అడిగాడు. జీబ్రాలు తప్ప ఏమీ లేవన్నాను.

వెనక సీట్లో ఉన్న గుడ్రున్ అరవై దాటిన జర్మన్ ఫొటోగ్రాఫర్. చీతా పరుగు కోసమే వారం నుంచి నా బండిలో తిరుగుతోంది.

గట్టు మీద ముటిసో బండి దుమ్ము లేచింది. బండి ఆగిందంటే ఏదో ఉన్నట్టేనని మావాళ్లకు తెలుసు. దగ్గరికొచ్చి లెన్సు ఎటు ఉందో చూసి అటే పోతారు.

“మేడమ్, కెమెరా ఆ తుమ్మచెట్టు వైపు తిప్పండి.”

“అక్కడేముంది?”

“ఏమీ లేదు. అందుకే.”

ఆమె మండిపడింది. ఇంకా ఒక్క రోజే ఉందంది.

“తిప్పకపోతే వాడు మధ్యలోకి బండి తెస్తాడు. మీకు ఫొటో ఉండదు, దానికి తిండీ ఉండదు.”

పెదవి బిగించి తిప్పింది.

ముటిసో పక్కన ఆపి చెట్టువైపు చూశాడు.

“ఏముంది, లెకిషోన్ అన్నా?”

“పిట్ట.”

“పిట్టా? ఇంకో ఏడాదిపోతే గడ్డిపరకలు చూపిస్తావేమో.”

నేనూ నవ్వాను. నా ఎడమ అద్దంలో చీతా ఒక్కో అడుగే జరుగుతోంది. వాడు విసుక్కుని వెళ్లిపోయాడు.

ఆ దుమ్ము అణగకముందే చీతా లేచింది. గుడ్రున్ లెన్సు ఇటు తిప్పేసరికి పరుగు అయిపోయింది. ఆమెకు దక్కింది దుమ్మే. జింక గొంతు పట్టుకుని చీతా రొప్పుతుంటే పిల్లలు గడ్డిలోంచి ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఆమె చాలాసేపు కెమెరా ముట్టుకోలేదు.

రాబందులు తిరగడం చూసి ముటిసోకు విషయం అర్థమైంది. వైర్‌లెస్‌లో అందరూ వినేలా అన్నాడు:

“దాచావు కదా. ఇవాళ్టి నుంచి నీ బండికి ఎవ్వరం ఏమీ చెప్పం.”

“చెప్పకండి తమ్ముడూ. అది వేటకు వంగితే రేపూ దాస్తాను.”

వైర్‌లెస్ ఆపేశాను. రేపు అభయారణ్యం గేటు తెరిచేసరికి మనమే ముందుండాలి, వెతుక్కోవాల్సింది మన కళ్లతోనే అని గుడ్రున్‌కు చెప్పాను. ఎన్నింటికి లేవాలని అడిగిందామె.