సుందరప్ప గొంతు

'ఉప్పుమడి' బ్యాండు కొత్త ఆల్బమ్ పట్టుకుని ఊళ్ళమీద పడ్డ మొదటి సాయంత్రమే విజయనగరంలో జనం సినిమా పాటలడిగారు.

అడగడం కూడా మర్యాదగా అడగలేదు. రెండో పాట సగంలో ఉండగానే వెనకవరస కుర్రాళ్ళు కుర్చీలెక్కి, "ఈ సోదేటండీ బాబూ! మాంచి సినిమా పాటెయ్యండి!" అని కేకలు మొదలెట్టారు. బేస్ గిటార్ వాయిస్తున్న దుర్గాభవాని తాళం తప్పింది. వేదికమీద ఉన్నదే నలుగురు. పాటలన్నీ వాళ్ళవే, ఏడాది పైచిలుకు కూర్చుని కట్టుకున్నవి. వాటిలో చాలామట్టుకు రాసింది, పాడేది జ్ఞానసుందరి. నౌపడ ఉప్పు మడుల పక్కన పెరిగిన మనిషి. ఊరందరూ వాన కోసం మొక్కుకుంటే ఉప్పు పండించేవాళ్ళు ఎండ కోసం మొక్కుకుంటారు. అందుకే ఆల్బమ్‌కీ, అందులోని ముఖ్యమైన పాటకీ 'ఎండ కావాల' అని పేరు పెట్టింది.

గిటార్ వాయించే త్రినాథ్ దుర్గాభవాని పక్కకి జరిగి, "రెండు సినిమా పాటలు కొట్టీసి ఒడ్డున పడిపోదామే" అన్నాడు. ఆమె తల ఊపేసేదే. ఇంతలో జ్ఞానసుందరి మైకు చేత్తో పట్టుకుని మెట్లు దిగి జనంలోకి నడిచింది. అందరికంటే గట్టిగా అరుస్తున్న కుర్రాడి ముందు ఆగింది.

"నీ పేరేటి బాబూ?"

"కొండబాబు" అన్నాడు వాడు, కుర్చీ దిగుతూ.

"సినిమా పాట నీకూ వచ్చు, నాకూ వచ్చు కొండబాబూ. కొత్తదొకటి నేర్పుతాను. నచ్చకపోతే నువ్వే సెప్పు, మేం సర్దుకుని ఎలిపోతాం."

అని, వాయిద్యాలేవీ లేకుండా, సొంత తమ్ముడికి వినిపించినట్టు పాడింది.

"మబ్బా మబ్బా పక్కకెల్లు, మా మడి తెల్లగ నవ్వాల,
ఎండా ఎండా ఎదురుగ రావే, మా ఇంట దీపం ఎలగాల."

కొండబాబు మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత నోట్లో నోట్లో అన్నాడు. ఆ తర్వాత వాడి స్నేహితులు అందుకున్నారు. వేదికమీద రాబర్ట్ డ్రమ్స్‌తో ఆ వరసని పట్టుకునేసరికి వెనకవరస మొత్తం పాడుతోంది. లేచి వెళ్ళిపోయినవాళ్ళు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు మాత్రం ఆఖరిదాకా కదల్లేదు.

ఆ గొంతు కోసమే దుర్గాభవాని ఈ బ్యాండులో చేరింది. గజపతినగరం దగ్గర వరి పండించుకునే ఇల్లు వాళ్ళది. కాలేజీ పండగలో జ్ఞానసుందరి పాట మొదటిసారి విన్నప్పుడు, అది తియ్యగా లేదని ముందు ఆశ్చర్యపోయింది. కొంచెం గరుకు. ఎంత పైకి వెళ్ళినా అరుపు కాదు, పిలుపులా ఉంటుంది. అప్పట్నుంచి, అక్కని అప్ప అనే ఆ ప్రాంతపు అలవాటుతో, 'సుందరప్పా, సుందరప్పా' అంటూ వెనకే తిరిగింది. వేదికమీద కూడా ఒకడుగు వెనకే నిలబడి వంత పాడేది. ఆ గొంతు పక్కన తనది వినిపించకపోతేనే మంచిదనుకునేది.

శృంగవరపుకోటకి వెళ్ళేసరికి పాటలు వాళ్ళకంటే ముందే ఫోన్లలో చేరిపోయాయి. కొండలమీంచి సన్నగా జల్లు పడుతున్నా జనం గొడుగులు ముడిచేసి, వెనకవాళ్ళకి అడ్డం లేకుండా తడుస్తూ నిలబడ్డారు. జ్ఞానసుందరిని మళ్ళీ పాడమన్నారు. పాడింది. ఇంకోసారన్నారు. కాదనకుండా అదీ పాడింది.

మర్నాడు పొద్దున్న అరసవల్లి లాడ్జిలో టీ అడగబోతే నోట్లోంచి గాలే వచ్చింది.

శ్రీకాకుళంలో డాక్టరు చూసి, "స్వరతంత్రులు బాగా వాచిపోయాయి. మాటే కాదు, కొన్నాళ్ళు గుసగుస కూడా వద్దు. మొండికేస్తే గొంతు తిరిగి రాకపోవచ్చు" అన్నారు. ఆ సాయంత్రమే అరసవల్లి దగ్గర ఫంక్షన్ హాల్లో కచేరీ.

లాడ్జి గదిలో ఎవరి మంచంమీద వాళ్ళు కూలబడ్డారు. రద్దు చేసేద్దామన్నాడు రాబర్ట్. త్రినాథ్ మాత్రం, "ఆల్బమ్‌లో నీ గొంతున్నాది కదా సుందరీ! అది ఎనకాల నుంచి ఎయ్యీసి, నువ్వు పెదాలు కదిపీయి. ఎవులికి తెలుస్తాది?" అన్నాడు.

జ్ఞానసుందరి ఫోనులో టైపు చేసి చూపించింది. 'మనకి తెలుస్తాది.'

ఆమె ఇంకో రెండు మాటలు కొట్టి ఫోను దుర్గాభవాని వైపు తిప్పింది. 'నువ్వు పాడు.'

"నానేటి, పాడ్డమేటి! నీకు గొంతుతో పాటు మతి కూడా పోయిందేటి అప్పా? నీ పాట నా నోట ఇంటే జనం రాళ్ళట్టుకుంటారు."

'నాలాగ పాడితే రాళ్ళేస్తారు. నీలాగ పాడు.'

"మరి బేస్ ఎవులు వాయిస్తారు?"

జ్ఞానసుందరి తన గుండెమీద చెయ్యి పెట్టుకుంది. అంత దిగులులోనూ రాబర్ట్ పకపకా నవ్వేశాడు. ఆమెకి బేస్ వచ్చినదల్లా, పాటలు కట్టేటప్పుడు దుర్గాభవాని పక్కన కూర్చుని చూసినంతే.

మధ్యాహ్నమంతా సాధన. దుర్గాభవాని ఆ గరుకు గొంతుని తెచ్చిపెట్టుకోబోయినప్పుడల్లా జ్ఞానసుందరి చెయ్యెత్తి ఆపేసింది. చివరికి త్రినాథ్ చేత శ్రుతి బాగా దింపించి, లేచి వచ్చి దుర్గాభవాని వీపుమీద అరచెయ్యి ఆనించింది. ఊపిరి తీసుకోవలసిన చోట మెల్లిగా నొక్కుతోంది. ఆ చేతి వెచ్చదనానికి దుర్గాభవాని భుజాలు సడలాయి. కళ్ళు మూసుకుని, ఎవర్నీ అనుకరించకుండా 'మబ్బా మబ్బా' పాడింది. కింది శ్రుతిలో ఆ పాట వేరేలా ఉంది. సుందరప్ప పాడితే ఎండని నిలదీసినట్టుండేది. ఇది బతిమాలినట్టుంది.

"మా అమ్మ ఇలాగే అంటాది" అంది పాట ఆపి. "రోడ్డుమీద ఒడ్లు ఎండబోసీసి, మబ్బు కేసి సూస్తా. 'ఓ పూట ఆగమ్మా, మా తల్లివి కదూ' అని."

జ్ఞానసుందరి ఆమె బుగ్గ గిల్లింది. పద, అన్నట్టు గుమ్మం వైపు చూపించింది.

హాలు నిండిపోయింది. దుర్గాభవాని మైకు ముందుకొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. గుసగుసలు లేచాయి. కొందరు లేచి నిలబడ్డారు. ముందువరసలో మనవరాలిని వెంటబెట్టుకొచ్చిన ఒకావిడ, "ఓలమ్మా! మరి మేం ఎవుల్ని సూడ్డానికొచ్చినట్టు?" అని పైకే అనేసింది. అప్పుడు జ్ఞానసుందరి బేస్ గిటార్ భుజాన తగిలించుకుని ముందుకొచ్చి, అందరికీ దండం పెట్టి, దుర్గాభవానిని వేలితో చూపించి, ఒకడుగు వెనక్కి జరిగి నిలబడింది. రోజూ దుర్గాభవాని నిలబడే చోటది.

మొదటి పాటలో దుర్గాభవాని గొంతు వణికింది. రెండోదాంట్లో చరణం ఆలస్యంగా అందుకుంది. భయంగా వెనక్కి చూస్తే, అదే క్షణంలో జ్ఞానసుందరి తప్పు తీగ మీటి, నాలిక్కరుచుకుంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతో దుర్గాభవాని బెదురు వదిలిపోయింది.

'ఎండ కావాల' ఎత్తుకునేసరికి హాలు సద్దుమణిగింది. "మబ్బా మబ్బా" అని ఆమె బతిమాలుతుంటే ముందువరస ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంతసేపటికి పాట కింద ఏదో వెలితిగా అనిపించి దుర్గాభవాని పక్కకి చూసింది. జ్ఞానసుందరి కళ్ళు మూసుకుని వింటోంది. వాయించడమే మర్చిపోయింది. రాబర్ట్ డ్రమ్ము పుల్లలు రెండూ టకటకా కొట్టి పిలిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు.

సొంత పాటని మరొకరి నోట విని, అసూయ లేకుండా అలా మైమరిచిపోయే మనిషిని దుర్గాభవాని అంతకుముందు చూడలేదు. ఇన్నాళ్ళూ తను మొక్కింది గొంతుకే. గొంతు లేని ఆ పూట మనిషి కనబడింది.

జనం లేచి నిలబడి పల్లవి పాడుతుంటే దుర్గాభవాని ఏడ్చింది. పాట మాత్రం ఆపలేదు.

తర్వాత జరగాల్సిన నౌపడ కచేరీని కొన్ని వారాలు వాయిదా వేశారు. కచేరీ రోజుకి జ్ఞానసుందరి గొంతు తిరిగొచ్చింది. ఉప్పు మడుల్లో పని చేసేవాళ్ళు, చర్చివాళ్ళు, రైల్వేవాళ్ళు, అందరూ ఆమె జనమే. వరసగా పాడుతూ ఈలలు వేయించింది. 'ఎండ కావాల' వంతు రాగానే దుర్గాభవాని దగ్గరికొచ్చి, బేస్ ఇమ్మన్నట్టు చెయ్యి చాపింది.

"ఏటప్పా ఇది! మీ ఊరు, మీ మడి. నీ పాట కోసమే కదేటి ఈళ్ళంతా కూకున్నారు!"

"నాను రాసినప్పుడు అందులో ఉప్పొక్కటే ఉన్నాది. నువ్వు పాడినాక ఒడ్లు కూడా ఎండుతన్నాయి. నానూ ఇంటాను, పాడు."

దుర్గాభవాని గిటార్ ఆమె చేతికిచ్చి మైకు దగ్గరికి నడిచింది. సుందరి బదులు వేరే పిల్ల వచ్చిందేమిటా అని ముందు కూర్చున్న ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. పాట సగమయ్యేసరికి పల్లవి వాళ్ళే పాడుతున్నారు.

ఆ తర్వాత 'ఉప్పుమడి' ఎన్నో ఊళ్ళు తిరిగింది. 'ఎండ కావాల' మాత్రం ఎక్కడైనా దుర్గాభవానే పాడింది.