మునిరామయ్య గొంతు

మాట పొట్టలోంచి రావాలంట, గొంతులోంచి కాదు, పెంచలయ్య రోజూ చెప్పేది అదే కదా, అరవద్దు వదినా, అరిస్తే కుక్క ఆటనుకుంటాది, నిమ్మళంగా గట్టిగా ఒకే మాట, ఇడుసు, అంతే, కానీ నాగరత్నమ్మ పొట్టలో పొద్దున తాగిన కాఫీ తప్ప ఏమీ లేదు, మధ్యాహ్నం కలిపిన రాగిసంగటి మొగుడికి రెండు ముద్దలు మింగించేసరికే చల్లారిపోయింది, తనకు తినాలనిపించలేదు, రేపు తెల్లారగానే మామిడికాయల లారీ మద్రాసుకు బయలుదేరుతుంది, డ్రైవరు పక్కన తానూ, కాళ్ల దగ్గర కుక్క బైరడూ, ఎల్లుండి అక్కడి కుక్కల క్లబ్బు వాళ్ల మైదానంలో పోటీ, దొంగ వేషం కట్టినవాడి చేతిని కుక్క పట్టుకోవాలి, యజమాని ఇడుసు అని ఒక్క మాట అనగానే వదిలెయ్యాలి, వదలకపోతే అక్కడికక్కడే బయటికి పంపేస్తారు, బైరడికిది మొదటి పోటీ, పట్టడం వాడికి ఒకరు నేర్పక్కర్లేదు, వదలడమే, ఆయన చెబితే తప్ప వదలడు, ఆయనేమో వసారాలో మంచం మీద, వీపుకు రెండు దిండ్లు ఆనించి కూర్చోబెడితే కూర్చున్నాడు, వాతం కొట్టి కుడి చెయ్యీ కుడి కాలూ మాటా ఒక్క పూటలో పోగొట్టుకున్న మనిషి, చిత్తూరు మామిడి మండీలో వేలం పాడితే ఆ కొసనుంచి ఈ కొసకు వినపడిన మునిరామయ్య గొంతు ఇప్పుడు బ, బ అంటుంది, నీళ్లకూ బ, దోమలకూ బ, ఏడుపుకూ బ.

ఆయనే తువ్వాల్లో చుట్టుకొచ్చినాడు మద్రాసునుంచి, రెండు చెవులూ వేలాడేసుకుని పిల్లిపిల్లంత ఉన్న అల్సేషన్ పిల్లను, పిల్లల్లేని కొంపకు కుక్కపిల్లేందయ్యా, సూసినోళ్లు నగతారు అని తాను గుమ్మంలోనే నిలబడిపోతే, నగనీలే రత్నా, సూడు, అది నీ కాడికే వస్తాండాది అన్నాడు, నిజంగానే అది జారుకుంటూ వచ్చి తన చీర కుచ్చెళ్లలో తల పెట్టింది, అయినా అది ఆయనదే, పోలీసు కుక్కల దళంలో పనిచేసి రిటైరైన పెంచలయ్య సాయంత్రమయ్యేసరికి సైకిలేసుకుని వచ్చేవాడు, చేతికి కొబ్బరిపీచు కట్టి పైన గోనెసంచులు చుట్టుకుని దొంగయ్యేవాడు, ఆయన పట్టు అంటే బైరడు గాల్లోకి లేచేవాడు, ఇడుసు అంటే కిందికి దిగి నోరు తెరుచుకుని ఆయన ముఖంలోకి చూసేవాడు, ఆయన వంగి ఆ తలను రెండు చేతుల్లోకి తీసుకుని నా బంగారు అనేవాడు, అంత మెత్తగా ఆయన తననైనా ఎప్పుడన్నా పిలిచినాడా, ఒకసారి పిలిచినాడేమో, గుర్తు లేదు, మంచి సంచులన్నీ చించేస్తాండారు మీరిద్దరూ అని తాను వంటింట్లోంచి కేకలేసేది, ఆ కేకలకు ఆయన నవ్వు, ఇప్పుడా నవ్వులో సగం ముఖమే కదులుతుంది, అదీ నవ్వో కాదో తెలియదు.

మానుకుందాం వదినా అన్నాడు పెంచలయ్య, వాతం వచ్చిన నెలలోనే, అన్న పోటీకి పేరిచ్చినాడని మనం పోవాలనేం లేదు, అన్న కోలుకున్నాక వచ్చే ఏడు సూస్తాం, లేదబ్బా, నేనే తీసకపోతా అంది, ఎందుకో పెంచలయ్యకు చెప్పలేదు, ఎవరికి చెప్పినా నవ్వుతారు, వేలూరు ఆసుపత్రి వరండాలో డాక్టరు పక్కకు పిలిచి, నడిస్తే నడుస్తాడమ్మా, మాట మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు అన్నప్పుడు తల ఊపింది, ఆ మాటను అక్కడే వరండాలోనే వదిలేసి వచ్చాననుకుంది, దానికి బదులుగా మనసులో ఇంకో ముడి వేసుకుంది, ఈ కుక్క నా మాటకు ఏ రోజు వదులుతాడో ఆ రోజు ఆయన నోట మాట వస్తాది అని, ఏ దేవుడికీ చెప్పని మొక్కు, అందుకే రోజూ ఆయన మంచాన్ని వసారా అంచుదాకా లాక్కొచ్చి, ఆయన చూస్తుండగా, ఆయన మాటను తాను అరిచింది, ఇడుసు ఇడుసు అని గొంతు పోయేదాకా అరిచింది, బైరడు పళ్లు గోనెలో దించుకుని కనుగుడ్లు మాత్రం వసారా వైపు తిప్పేవాడు, ఆయన్నే చూసేవాడు, చెప్పు, నువ్వు చెప్పు అన్నట్టు, ఒకరోజు ఒళ్లు తెలియని కోపంతో వెదురుబద్దతో బాదింది, వాడు కళ్లు మూసుకుని దెబ్బలన్నీ తిన్నాడు, వదల్లేదు, మంచం మీంచి బ్బ అని పెద్ద కేక వచ్చింది, బద్ద పారేసి ఆ పూట దొడ్లో కూర్చుని ఏడ్చింది.

ఆఖరిసారి వదినా, పొద్దు గుంకుతాండాది, అని పెంచలయ్య గడ్డివామి చాటుకు పోయినాడు, కర్ర తిప్పుకుంటూ హో అని ఊడిపడినాడు, పట్టు అంది, బైరడు లేచినాడు, ఆ బరువుకు పెంచలయ్య రెండడుగులు వెనక్కి పోయి నిలదొక్కుకుని కదలకుండా నిలబడ్డాడు, గుర్రుమనే చప్పుడు, చొంగ, గోనెపీచు, కళ్లు మళ్లీ వసారా వైపు, ఇక నావల్ల కాదు అనుకుంది నాగరత్నమ్మ, మద్రాసుకు పోయి అంతమందిలో నిలబడి ఏం చెప్పేది, ఈయన్ను ఈ మంచం మీద ఎన్నేళ్లు ఎత్తి దించేది, అరవడానికి ఊపిరి లేదు, ఎవరితోనో కాదు తనతోనే అనుకున్నట్టు, నీరసంగా, ఇడుసు నాయనా అంది.

వదిలేశాడు, నోరు తెరిచి దిగి ముందు కాళ్లు ఆనించి కూర్చున్నాడు, ఇడిసినాడు వదినా, ఇడిసినాడు అని పెంచలయ్య చిన్నపిల్లోడిలా గంతులేశాడు, అన్నా సూసినావా, వదిన మాటకు ఇడిసినాడు, ఆమె వసారా వైపు తిరిగింది, ఇప్పుడు, ఇప్పుడే వస్తాది మాట, ఆయన దిండ్ల మీంచి ముందుకు జరిగినాడు, ఎడమ చెయ్యి లేచింది, మెడ నరాలు తేలినాయి, రా సామీ, రా, అను, బ, అన్నాడాయన, బైరడి కేసి చూస్తూ, బ, బ్బ, ఇంకా గట్టిగా, ఆ గొంతుకు ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చే బైరడు చెవి కూడా తిప్పలేదు, నాగరత్నమ్మ ముఖంలోకే చూస్తున్నాడు, తోక నేలమీద మెల్లగా ఊపుతూ, తల పట్టుకునే ఆమె చేతులకోసం, ఇంకోసారి బ అన్నాడు ఆయన, ఈసారి మెల్లగా, తర్వాత ఆ ఎడమ చెయ్యి దుప్పటి మీదికి దిగిపోయింది, ముఖం గోడవైపు తిరిగిపోయింది, పెంచలయ్య గంతులు ఆగిపోయినాయి, ఇన్నాళ్లూ బైరడిది మొండితనం అనుకుంది, కాదు, కాచుకుని ఉన్నాడు, ఆయన గొంతు కోసం దెబ్బలు తిని మరీ కాచుకున్నాడు, ఈ సాయంత్రం ఇక చాలనుకున్నాడు, రోజూ మంచం లాక్కొచ్చి, ఆయన ఎదురుగా నిలబడి, వాడి చేత ఆ ఆశ వదిలించింది తానే, మాట రాదు, ఆయన ఇక మాట్లాడడు, వేలూరులో తాను విని కూడా ఒప్పుకోని ఆ సంగతి ఆయనకు కూడా ఇప్పుడే, తన నోటి మాటతోనే, తెలిసిపోయింది.