కిటికీ పక్క మంచం

పింకీ చేతి మీద ఎర్రటి దద్దుర్లు వరసకట్టి కనిపించిన పొద్దునే మా హాస్టల్లో తీర్పు అయిపోయింది. నల్లులు వచ్చింది ఆమె బొంతతోనే అని.

ఆ బొంత వాళ్లమ్మ పాత చీరలతో కుట్టింది. పింకీది పరిగి దగ్గర మా పక్క ఊరే. ఉద్యోగం వచ్చి వారం కిందట మాదాపూర్‌లో దిగింది. కూరగాయలమ్మే వాళ్ల నాన్న లింగమూర్తి, "ఆ హాస్టల్ల నువ్వున్నవని పంపుతున్న బిడ్డా, అక్కడ కాదంటే ఇంటికే" అని నాతో ముందే చెప్పాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను, వాళ్లింట్లో పింకీ. ఆ పిల్ల బాధ్యత నాదే అనుకున్నాను.

శనివారం ఉదయం హాస్టల్ ఓనరు సుబ్బలక్ష్మి ఆంటీ మా గది గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడది తెనాలి. మాట మెత్తగానే ఉంటుంది.

"చూడమ్మా పింకీ, నేను నిన్నేమీ అనటంలేదు. రేపు సాయంత్రానికి ఖాళీ చేసెయ్. మిగతా పిల్లలు కూడా వెళ్లిపోతామంటే నేనేం చెయ్యాలి చెప్పు."

"నేనేం జేసిన ఆంటీ? నన్నే కుడుతున్నయి గదా."

"నిన్నే కుడుతున్నాయంటే నీ దగ్గరే ఉన్నట్టేగా" అంది నీహారిక కిటికీ పక్క మంచం మీద నుంచి. ముగ్గురి గదిలో ఆమే సీనియర్. నా వైపు చెయ్యి చూపింది. "నాకు ఒక్క దద్దురు లేదు. ఈ రేణుకకూ లేదు. ఇంకా లెక్కలెందుకు?"

ఆంటీ కిందికి వెళ్లిపోయారు. పింకీ బ్యాగులో బట్టలు సర్దటం మొదలుపెట్టింది. ఏడవలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

"జర ఆగు" అన్నాను. "ఇంటికి పోతే మీ నాయిన మళ్ల పంపడు."

"మరి ఏం జెయ్యమంటవక్కా?"

ఏం చెయ్యాలో నాకూ తెలియదు. నా ఉద్యోగం బీమా క్లెయిములు పరిశీలించటం. నష్టం జరిగిందని ముందు చెప్పినవాళ్ల దగ్గరే నష్టం మొదలైందని అనుకోకూడదని మాకు మొదటే నేర్పుతారు. ఆ అలవాటుతో ఫోన్ తీసి నల్లుల గురించి చదవటం మొదలుపెట్టాను. ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. నల్లి కుట్టినా కొందరి ఒంటి మీద ఏమీ తేలదట. అంటే దద్దుర్లు చూసి నల్లి ఇల్లు చెప్పలేం. గూడే వెతకాలి.

ముందు బొంత విప్పాం. ఫోన్ లైటు పెట్టి ప్రతి కుట్టూ చూశాం. ఏమీ లేదు. తరవాత పింకీ పరుపు తిరగేశాం. అంచు కుట్టు వెంట సిరా చుక్కల్లాంటి నల్లటి మరకలు. వాటి మధ్య లేత గోధుమరంగు పొట్టు, చాలా ఉంది. అది నల్లులు పెరిగేటప్పుడు విడిచే పొట్టు. ఒక్కో నల్లి పిల్ల పెద్దదయ్యేలోపు చాలాసార్లు విడుస్తుంది, దానికి వారాలు పడుతుంది.

"పింకీ, నువ్వొచ్చి వారమే గదా?"

"అవునక్కా."

"ఇంత పొట్టు వారంల రాదు. ఇవి నీకంటె పాతవి."

అప్పుడు గుర్తొచ్చింది ఆ పరుపు పింకీది కాదని. మా గదిలో ఒక ఆనవాయితీ ఉంది. కిటికీ పక్క మంచం ఖాళీ అయితే మధ్యలో ఉన్న పిల్ల తన పరుపుతో సహా అక్కడికి జరుగుతుంది, తలుపు దగ్గరి పిల్ల మధ్యలోకి వస్తుంది. వెళ్లిపోయిన పిల్ల వాడిన పరుపు తలుపు దగ్గరికి చేరుతుంది, కొత్తగా వచ్చేవాళ్ల కోసం. పోయిన నెలదాకా కిటికీ పక్కన ఉన్న కిరణ్మయి ఖాళీ చేసినప్పుడు నీహారికా నేనూ అలాగే జరిగాం. వెళ్లేముందు కిరణ్మయి ఒళ్లంతా దురద అని గోక్కునేది. చెమటకాయలు అనుకున్నాం.

"నీహారికా, నీ మంచం చెక్క ఒకసారి లేపుదాం" అన్నాను.

"ఎందుకు? నాకేం లేదని చెప్పానుగా."

"లేకపోతే మంచిదే. చూస్తే పోయేదేముంది."

విసుక్కుంటూనే లేచింది. పరుపు జరిపి, ఇనప చట్రం మీది చెక్క ఇద్దరం పట్టి లేపాం. చెక్క అడుగున, మరలు బిగించిన చోట నల్లులు గుంపులుగా ఉన్నాయి. వెలుతురు పడగానే కదిలాయి. నీహారిక గోడదాకా వెనక్కి జరిగింది.

"నేను రోజూ వీటి మీదే పడుకుంటున్నానా?" అంది. "పక్క గదిలో ఖాళీ ఉంది. ఇప్పుడే పోతున్నా."

"పోకు. నువ్వు పోతే నీ బట్టల్ల అవి గూడ వస్తయి. అట్ల జరిగీ జరిగే ఇంతదాక వచ్చింది."

ఆంటీని పిలిచి మూడూ చూపించాను. బొంత, పరుపు, చెక్క. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చెక్క మీదికి వంగారు. తరవాత నీహారిక వైపు తిరిగారు.

"అయితే నువ్వా తెచ్చింది?"

నీహారిక తల వంచుకుంది. ఉదయం పింకీ మొహం ఎలా ఉందో అలాగే ఉంది ఆమె మొహం.

"ఎవరు తెచ్చిన్రో ఎవరికీ తెలవదు ఆంటీ" అన్నాను. "బస్సు సీటుల నుంచి ఎక్కొచ్చు, సూట్‌కేసుల రావచ్చు. ఒకరిని పంపిస్తే మనిషి పోతది, నల్లులు ఉంటయి. ఇయ్యాల ముగ్గురం గదిలనే ఉండి పని జేస్తం. మందు కొట్టేవాళ్లను ఈ ఒక్క గదికి కాదు, అంతస్తు మొత్తానికి పిలవండి. గుడ్లకు మందు సరిగ పట్టదు, పొదిగినంక మళ్ల రమ్మని ఇప్పుడే చెప్పండి."

"అంతస్తు మొత్తమా?" ఆంటీ వేళ్ల మీద గదులు లెక్కపెట్టుకున్నారు. "సరే కానీ, ఆ పరుపు ముందు కిందికి మోయించేస్తా."

"అట్ల మోస్తే మెట్ల పొడుగునా రాలుతయి. కవరు చుట్టినంక."

ఏప్రిల్ ఎండ మాకు పనికొచ్చింది. బట్టలు, దుప్పట్లు, బొంత నల్లటి ప్లాస్టిక్ కవర్లలో వదులుగా నింపి, మూతులు గట్టిగా బిగించి మేడ మీద పరిచాం. ఆరుబయట ఆరేస్తే నల్లి నీడలోకి పాకుతుంది. కవరులో అంతటా వేడే, దానికి పారిపోయే చోటు లేదు. పరుపు కదిలేముందే ప్లాస్టిక్‌తో చుట్టి టేపు వేశాం. వంటగదిలోంచి మరిగిన నీళ్లు తెచ్చి చెక్కల మీద, మరల సందుల్లో పోశాం. గిన్నె పట్టుకుని ఎక్కువసేపు పోసింది నీహారికే.

"కిటికీ గాలి కావాలన్నారుగా మేడమ్, బాగా తీసుకోండి" అంది తనను తానే, ఇంకో సందులో పోస్తూ. పింకీ పకపకా నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వటం అదే మొదలు.

సాయంత్రానికి మందు కొట్టేవాళ్లు వచ్చి అంతస్తంతా కొట్టి వెళ్లారు. గదుల తలుపులు మూసి, మందు ఆరేదాకా అందరం మేడ మీదే కూర్చున్నాం. తరవాత మంచాలు గోడకు దూరంగా జరిపి, కాళ్ల కింద సబ్బునీళ్ల గిన్నెలు పెట్టాం. తెల్లటి దుప్పట్లు పరిచాం, మరక పడితే తెలియాలని.

ఆదివారం సాయంత్రం లింగమూర్తి ఫోన్ చేశాడు. సంగతి ఆయనకు ఎవరో చేరవేశారు. పింకీ స్పీకర్ పెట్టింది.

"సామాన్లు సదురుకున్నవా బిడ్డా? బస్టాండు కాడికి రమ్మంటవా?"

పింకీ సమాధానం చెప్పేలోపు, గది చూడటానికి వచ్చిన ఆంటీ ఆ ఫోన్ అందుకున్నారు.

"అన్నయ్యగారూ, మీ అమ్మాయి ఎక్కడికీ రాదండి. పొరపాటు మాది. మీరు ఫికరు పెట్టుకోకండి."

తెనాలి ఆవిడ నోట 'ఫికరు' అన్న మా వైపు మాట విని ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

రెండోసారి మందు కొట్టించాక కూడా రోజూ పొద్దున దుప్పట్లు చూస్తూనే ఉన్నాం. వారాలు గడిచినా ఒక్క చుక్క పడలేదు. ఆంటీ అన్ని అంతస్తులకూ ఒక మాట చెప్పారు. ఎవరు ఖాళీ చేసినా ఆ మంచం, ఆ పరుపు చూసి శుభ్రం చేసేదాకా ఎవరూ జరగకూడదు. ఆనవాయితీ అలా ఆగిపోయింది.

మొన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏసీ చల్లగా ఉంది. నీహారిక పింకీ బొంత కప్పుకుని మంచం మీద కూర్చుని లాప్‌టాప్ చూస్తోంది.

"అది నాది" అంది పింకీ బ్యాగు దించుతూ.

"తెలుసు. మీ అమ్మని అడుగు, నాకూ ఒకటి కుడతారేమో. పాత చీరలు మా అమ్మ దగ్గర చాలా ఉన్నాయి."

"అడుగుత గని, గప్పటిదాక నాది నాకియ్యి."

బొంత మాత్రం నీహారిక ఇవ్వలేదు. పింకీ వెళ్లి దాని రెండో కొస కప్పుకుని పక్కనే కూర్చుంది.