బ్యాటరీ అని రాసుకున్నారు

ఎనభై అయిదు మాఘమాసంలో రేడియోలో ఊరూరితో మాట్లాడే క్లబ్బు వాళ్లు మా గుట్ట మీద దిగిన ఆదివారం, మా వంతు కరెంటు పగలు పది నుంచి రెండు దాకా. చెనిగచెట్టు, అదే వేరుశనగ, కాయ పట్టేదానికి ఊడలు నేలలోకి దిగుతున్న రోజులు. ఆ కరెంటుతో పారే నీళ్లు తప్పితే మళ్లీ మూడో రోజే.

తిరుపతి నుంచి వ్యానులో ఏడుగురు వచ్చారు. పెద్దాయన సంపత్కుమార్, ఏదో ఆఫీసరు. రేడియో ముందు కూర్చునేది దేవనాథన్, కాలేజీ అయ్యవారు. రెండు లారీ బ్యాటరీలు కావడి కట్టి నేనే పైకి మోశాను. రెండు వెదుళ్లు నిలబెట్టి మధ్యలో రాగితీగ లాగి కట్టాం.

"దేశమంతా పోటీ మునెయ్యా. ఎక్కువ ఊర్లతో మాట్లాడినోళ్లది గెలుపు," అన్నాడు దేవనాథన్. "కరెంటు ముట్టకుండా బ్యాటరీతో మాట్లాడితే మార్కులు రెండింతలు. తుపానొచ్చి స్తంభాలు పడినా కబురు పోవాల గదా, దానికే ఇదంతా."

ఆ మాట నాకు తగిలింది. మొన్న కార్తీకం తుపానులో నాయుడుపేట పక్కనున్న మా చెల్లెలు ఉందో పోయిందో ఆరు రోజులు తెలియలేదు.

అందుకే పదకొండుకు సంపత్కుమార్ దిగి వచ్చి, "మోటారు ఆపప్పా, రేడియోలో ఒకటే గుర్రుమంటా ఉండాది, అవతలోళ్ల మాట వినపడ్ల్యా" అంటే, మారు మాట్లాడకుండా ఆపేశాను.

మడికి నీళ్లు మళ్లించే మడవ దగ్గరి నుంచి నా పెండ్లాం నాగులమ్మ పారతో వచ్చింది. "వాళ్లు మాట్లాడాలంటే మన చెట్టు ఎండాల్నా? బలే పోటీ అయ్యా!"

"ఊరికే ఉండు మే."

ఒంటిగంటకు బీడీ కోసం మోటారు కొట్టంలోకి పోయాను. బల్బు ఊడదీసి ఉంది. హోల్డరు నుంచి పచ్చ వైరొకటి కిటికీ దాటి బండల సందుల్లో పైకి పాకింది. దాని వెంటే ఎక్కాను. అది రేడియో పక్కన ఇనప పెట్టెలో దూరింది. బ్యాటరీలు తీగల్లేకుండా ఓ పక్క పడి ఉన్నాయి.

నా ఒళ్లు మండింది. నా పైరుకు లేని కరెంటు వీళ్ల పెట్టెకు!

దేవనాథన్ తల వంచుకున్నాడు. "బ్యాటరీలు పదకొండుకే చచ్చినాయి మునెయ్యా."

సంపత్కుమార్ మాత్రం నవ్వుతూ ఫారం చాపాడు. "బాగా వచ్చినావు. స్థలం గలాయన సాక్షి సంతకం కావాల."

"ఏముండాది సార్ దీంట్లో?"

ఆయన సంతకం చోటు వేలితో చూపించాడు. దేవనాథనే మెల్లగా చదివాడు, "మొదటి నుంచి చివరి దాకా బ్యాటరీ మీదనే నడిపినాము అని."

"పెన్ను ఇట్లీండి."

సంతకానికి పైన రాశాను: పదకొండు నుంచి కరెంటు నా మోటారు కొట్టంలోది. చూసినవాడు, మునెయ్య.

"ఏం పని చేసినావయ్యా! ఉండేది ఒకటే ఫారం!" అని అరిచాడు సంపత్కుమార్.

"నా సదువు అయిదో క్లాసే సార్. జరిగింది తప్ప రాసేది రాదు. రేపు తుపానులో మా చెల్లెలు బతికుండాదని మీరు కబురు చెప్తే, నేను నమ్మేదెట్ల?"

దిగి వచ్చి వైరు పీకి మోటారు వేశాను. పైనుంచి కేకలు. నాగులమ్మ పార తీసుకుని మడవ తిప్పింది. కరెంటు పోయేసరికి నాలుగు మడులు తడిశాయి. తొమ్మిది తడవలేదు.