దేవప్ప సముద్రం

తాండూరులో సూర్యప్రకాశ్ సేటుది కందుల వ్యాపారం, ఆయన భార్య అనసూయమ్మది వండి వడ్డించే తండ్లాట. కందులమ్మడానికి కుల్కచర్ల నుంచో నవాబుపేట నుంచో బండి కట్టుకొచ్చిన రైతు ఎవరైనా ఆ ఇంట్లో తినే పోవాలి. తినడమంటే ఊరికే తినడం కాదు. విస్తరి ముందు కూర్చున్నవాడు చాలనాలి, అది వాడి మర్యాద. ఇంకొకటి వేసుకొమ్మని ఈమె బతిమాలాలి, అది ఈమె మర్యాద. వాడు విస్తరికి చెయ్యి అడ్డం పెడితే, ఈమె ఆ చెయ్యి తప్పించి రొట్టె జారవిడవాలి. మొదటిసారికే సరేనన్నవాడు తిండిపోతు, మూడోసారి అడగని ఇల్లాలు పిసినారి. వద్దన్నకొద్దీ వడ్డన. ఒక్కో రొట్టెకు మూడేసి మార్లు వంగి వంగి అనసూయమ్మ నడుము విల్లయింది. విశ్రాంతిలో 'వి'ని ఎవరో ఎత్తుకుపోయారు, ఆమెకు శ్రాంతి మాత్రం మిగిలింది.

నయా పైసలు వచ్చిన కొత్తలో ఒకనాడు ఆమె చేతిలో గరిటె పట్టుకొనే కింద పడింది. కొన్నాళ్లు పొయ్యి ముట్టొద్దని, సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెప్పాడు. తాండూరుకు సముద్రం దూరం. సేటుకు దగ్గరలోనే ఒకటి దొరికింది. వికారాబాదులో.

అక్కడికి పోతే వికారం తగ్గుతుందా అని అనసూయమ్మ అడిగింది. తగ్గకపోతే ఊరి పేరు మార్పిస్తానన్నాడు సేటు.

బొంబాయిలో సముద్రం ఒడ్డున ఏదో పెద్ద హోటల్లో ఏండ్లకేండ్లు పనిచేసి వచ్చిన దేవప్ప, అనంతగిరి గుట్టల కింద ఒక కుంట పక్కన జాగా తీసుకున్నాడు. కాగ్నా వాగు ఇసుకను బండ్లతో తెచ్చి గట్టంతా పోయించాడు. గుడ్డ కుర్చీలు వాల్చాడు. 'సముద్ర విలాస్' అని పలక కట్టాడు. గది, గాలి, చాయ్, భోజనం అన్నీ ముందే కట్టిన పైకంలోనే. అల ఒక్కటే తక్కువ. బర్రె నీళ్లలో దిగినప్పుడు అదీ వచ్చేది.

అనసూయమ్మ ఇసుకలో కాళ్లు పెట్టి కుర్చీలో వాలింది. ఎవరూ పిలవలేదు. పిలవకపోవడం ఎంత తియ్యగా ఉంటుందో ఆమెకు అప్పుడే తెలిసింది.

పగటి భోజనానికి దేవప్ప తానే వడ్డించాడు. ఒక్కో రొట్టె వేసి, ఇంకోటి వెయ్యనా సేట్ అన్నాడు. చాలు చాలు అన్నాడు సేటు. దేవప్ప సరేనని బుట్ట ఎత్తుకొని వెళ్లిపోయాడు. బొంబాయిలో వద్దన్న దొరను రెండోసారి అడిగితే కొలువు ఊడేది, ఆ భయం అతనికి ఇంకా పోలేదు. అడ్డం పెట్టడానికి లేపిన సేటు చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. పక్కన, గాలి మార్పుకే వచ్చి దిగిన పరిగి వకీలు చెయ్యి కూడా అట్లాగే ఉంది. రాత్రి మళ్లీ అంతే. తెల్లారి ఉప్మా దగ్గరా అంతే. ఆకలైనవాడికి ఆ కలే వస్తుందన్నట్టు సేటు నిద్రలో రొట్టెలు వద్దు వద్దని కలవరించాడు.

అనసూయమ్మకూ ఆకలిగానే ఉంది. కాని గరిటె కంటే ఆకలి తేలికనిపించింది.

రెండోనాటి పగలు సేటు వచ్చి ఆమె కుర్చీ పక్కన ఇసుకలో చతికిలబడ్డాడు.

"అనసూయా, పానం పోతుంది. జర నువ్వే లేచి నాలుగు రొట్టెలు చెయ్యరాదు? దేవప్పకు చెప్పిన, పొయ్యి ఇస్తడట."

"డాక్టర్ ఏం చెప్పిండు?"

"ఒక్క పూటకు ఏమైతది."

"మీరు దేవప్పనే అడుగుండ్రి ఇంకోటి పెట్టమని."

"అడిగి తింటమా? వకీల్ సాబ్ ముంగట ఇజ్జత్ పోదా?"

ఆమె నోరు ఊరుకుంది గాని కాళ్లు ఊరుకోలేదు. అలవాటు పడ్డ కాళ్లు, వాటంతటవే లేచి వంటింటి గడప దాకా నడిచాయి. పెనం కాలుతోంది. జొన్నపిండి వాసన తగలగానే చెయ్యి కొంగును నడుముకు దోపబోయింది. ఒక్క పూట అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఇవాళ సేటుకు, రాత్రికి వకీలుకు, రేపు ఈ సముద్రానికంతటికీ.

కొంగు వదిలేసింది. వెనక్కి తిరిగి, అప్పటికే సేటూ తక్కిన మగవాళ్లూ కూర్చున్న భోజనాల బల్ల దగ్గరికే వచ్చి, వకీలు ఎదురుగా కూర్చుంది.

"దేవప్పా, నాకు ఆకలైతుంది. రొట్టెలు తే. వద్దనేదాంక పెట్టు. నేను వద్దంటే నిజంగనే వద్దు."

సేటు తల వంచుకున్నాడు. దేవప్ప వేడివేడి రొట్టెలు తెచ్చి ఆమె పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పేర్చాడు.

"నిన్నటి సంది బుట్టెడు రొట్టెలు బర్రెలకు ఏస్తున్ననమ్మా," అన్నాడు. "తాండూరోళ్లు, పరిగోళ్లు గింత తక్కువ తింటరని నాకేం ఎరుక?"

ఆమె తినసాగింది. ఆమె మూడో రొట్టె తుంచేసరికి వకీలు దగ్గి, తన పళ్లెం కాస్త ముందుకు జరిపాడు. సేటు అందరికంటే చివర.

తాండూరు చేరిన మర్నాడే కుల్కచర్ల ఈరయ్య కందుల బండితో వచ్చాడు. అనసూయమ్మ ఒక రొట్టె వేసి, ఇంకొకటి వెయ్యనా అంది. చాలక్కా అని అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"సరే," అని ఆమె బుట్ట కింద పెట్టి, గోడకు చేరగిలబడి కాళ్లు చాపింది. నడుము ఇంకా నొస్తూనే ఉంది.

ఈరయ్య సేటు వైపు చూశాడు. సేటు తన పళ్లెం వైపు చూశాడు. ఈరయ్య చిన్నగా అన్నాడు.

"అక్కా, ఆ బుట్ట జర ఇటు జరుపు."

ఆమె కాలితోనే జరిపింది.