పట్టీలు తెగిన వార్డు

టీచరమ్మ ఏడ్చింది. ఆవిడ చేసిన నేరం అంతే. కూతురి ఉత్తరం చదువుకుని, మంచం మీద కూర్చుని ఏడ్చింది.

ఆ మానసిక ఆసుపత్రిలో ప్రతి రోగి చేతికీ ఒక పట్టీ కట్టారు. అది నాడి కొలిచి గోడ మీది తెరకు చేరవేస్తుంది. తెర మీద టీచరమ్మ పేరున్న గడి ఎర్రబడింది. కింద “ఉద్రేకం, ఇంజక్షన్” అని పడింది. పై అంతస్తులో డాక్టరుగారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, వేలితో “సరే” నొక్కారు. మెట్లు దిగితే అరిగిపోతారు కాబోలు!

సూది వేసేటప్పుడు కాళ్ళు కదలకుండా పట్టుకోవలసింది ఆయాలందరిలోకీ ముసలిదైన పెద్దాయా. పంతొమ్మిదేళ్ళుగా ఆ వార్డులో ఎన్ని ఏడుపులు చూసిందో! పక్కన కూర్చుంటే తగ్గేవి.

“ఏడుస్తోంది సార్, అంతే. కాసేపు వదిలెయ్యండి.”

“సిస్టం కంటే నీకెక్కువ తెలుసా? పట్టుకో!” అన్నాడు మేనేజరు.

పట్టుకుంది. టీచరమ్మ రెండు రోజులు చొంగ కారుస్తూ పడి ఉంది. తెర మాత్రం “ప్రశాంతం” అని పచ్చగా వెలిగింది. తనిఖీకొచ్చిన పెద్దలు ఆ పచ్చదనం చూసి మేనేజరు భుజం తట్టి వెళ్ళారు. మంచం వైపు ఒక్కడూ తల తిప్పలేదు.

మూడో రోజు పొద్దున బట్టలుతికే గదిలో ఆయాలూ నర్సులూ కలిశారు. తెర చెప్పిందని ఇక సూదులు వెయ్యం అనేద్దామంది పెద్దాయా.

“ఉద్యోగాలు పోతాయక్కా” అంది చిన్న నర్సు.

“నేనొక్కదాన్నే కాదంటే నాది పోతుంది. అందరం కాదంటే?” అంది పెద్దాయా. “ఆ మేనేజరొచ్చి పొడుస్తాడా? వాడికి సూది ఏ వైపుంటుందో కూడా తెలీదు!”

“మమ్మల్ని అడగరా?”

గుమ్మంలో టీచరమ్మ, గోడ పట్టుకుని నిలబడి ఉంది. నాలుక ఇంకా సరిగ్గా తిరగడం లేదు. “పట్టీ ఉన్నది... మా చేతులకి కదా.”

పెద్దాయా తల దించుకుంది. “నీ కాళ్ళు పట్టుకున్నది ఈ చేతులే తల్లీ. ఇక పట్టవు.”

చిన్న నర్సు కత్తెర తెచ్చింది. టీచరమ్మ తన పట్టీ తనే కోసుకుంది. తర్వాత పక్క మంచం, ఆ తర్వాత వరసంతా. నాడి అందక తెర నిండా ఎరుపే. డాక్టరుగారికి ఇన్నాళ్ళకు మెట్లు కనిపించాయి.

“అందరికీ ఇంజక్షన్లు వెయ్యండి!” అరిచాడు మేనేజరు.

ఒక్క చెయ్యీ కదల్లేదు.

“ముందు పక్కన కూర్చుని ఎందుకేడుస్తున్నావమ్మా అని అడగండి సార్” అంది పెద్దాయా. “సూది మాట తర్వాత.”

మధ్యాహ్నం పోలీసులొచ్చారు. ఆసుపత్రి ఆస్తి పాడుచేసిందని పెద్దాయా పేరు రాసుకున్నారు.

“ఈ ముసలిది పోతే అంతా సర్దుకుంటుంది” అన్నాడు మేనేజరు. చదువుకున్న మూర్ఖుడు!

“మొదట కోసింది నేను. నన్ను రాసుకోండి” అంది టీచరమ్మ.

“కత్తెర నాది” అంది చిన్న నర్సు.

“నేనూ కోశాను” అంది పక్క మంచం ఆవిడ.

పోలీసు కాగితం తిరగేశాడు. రెండో వైపూ నిండిపోయింది. ఇంతలో ఎదురుగా మగవార్డు కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

“ఇటు కూడా రావయ్యా! ఇక్కడా కోసేశాం!”